బ్లాంకులో సీసం

పొద్దున తొమ్మిదికే ల్యాబ్‌కి పోయినాను. మొన్న యాసిడ్‌లో నానబెట్టి, నిన్న కడిగి ఆరబెట్టిన ఫ్లాస్కులు తెచ్చుకొని, ఏఏఎస్ (ఏ లోహం ఎంతుందో వెలుగుతో కొలిచే మిషను) ఆన్ చేసి, సీసం ల్యాంపు వేడెక్కేదాకా కూర్చున్నాను. సీసం పీల్చుకునే వెలుగు అలపొడవు 283.3 నానోమీటర్లు. నా ఫోన్ నెంబరైనా మరిచిపోతానేమో గానీ ఇది మరిచిపోను.

ముందు బ్లాంకు, అంటే సీసం ఏమీ లేని ఉత్త నమూనా. నీళ్లు, రవ్వంత నైట్రిక్ యాసిడ్, అంతే. సున్నా దగ్గర ఉండాలి. 7 పీపీబీ (వంద కోట్ల పాళ్లలో ఏడు) వచ్చింది. మళ్లీ పెట్టినాను. 7.4. తాగే నీళ్లలో సీసం 10 దాటకూడదని బీఐఎస్ (మన దేశపు ప్రమాణాల సంస్థ) లెక్క. ఏమీ లేని నీళ్లలోనే ఏడు ఉంటే ఇంక నేను కొలిచేదేమి, నా తలకాయ!

ఈరోజు కొలవాల్సింది అవ్వ చెంబు. నగరిలో మా అవ్వ పెళ్లైనప్పటినుంచీ ఈయం (తగరం) చెంబులోనే చారు కాస్తుంది. ఖాళీ చెంబు పొయ్యిమీద పెడితే కరిగిపోతుందని ఆమెకి తెలుసు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుందని నేను ఎమ్మెస్సీలో చదువుకున్నాను. అసలు తగరమైతే గొడవ లేదు. చవగ్గా రావాలని సీసం కలిపితే కంటికి తేడా తెలీదు, చింతపండు పులుపుకి మాత్రం బాగా తెలుసు, మెల్లగా లాగేస్తుంది. లోపలికి పోయిన సీసాన్ని ఒళ్లు కాల్షియం అనుకొని ఎముకల్లో దాచిపెడుతుంది, ఏళ్ల తరబడి. పిల్లలైతే పెద్దల కన్నా నాలుగైదు రెట్లు పీల్చుకుంటారు. అక్క కొడుక్కి నాలుగేళ్లు. సెలవులొస్తే వాడికి మూడు పూటలా అవ్వ చారన్నమే.

సరే, ఈ ఏడు ఎక్కడిది? యాసిడ్ కొత్త సీసా తెరిచినాను, అదే ఏడు. నీళ్లు మార్చినాను, అదే. మధ్యాహ్నం జూనియర్ పిల్లోడు టిఫిన్ డబ్బా మూస్తా అన్నాడు, "అక్కా, ఫ్లాస్కులు ఆరబెట్టేది ఆ కిటికీ పక్కనే కదా." చూస్తే, కిటికీ కమ్మీల పాత పచ్చ పెయింటు పెచ్చులుగా లేచి ఉంది, పైన ఫ్యాన్. పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదనే రూలు 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. ఆ పెయింటు నా కన్నా పెద్దది.

శుభ్రమైన కప్పులు రెండింట్లో నీళ్లు పోసి, ఒకటి మూత లేకుండా కిటికీలో, ఇంకొకటి మూతపెట్టి బీరువాలో ఉంచినాము. సాయంత్రం బీరువాది దాదాపు సున్నా. కిటికీది చెప్పను, సిగ్గుచేటు.

అమెరికా శాస్త్రవేత్త క్లెయిర్ ప్యాటర్సన్ కూడా భూమి వయసు కట్టబోయి ఈ సీసం దుమ్ముతోనే ఏళ్ల తరబడి కొట్లాడినాడు. గదినే కడిగి కడిగి, చివరికి 1956లో 455 కోట్ల ఏళ్లని తేల్చినాడు. నా దగ్గర ఒక ప్లాస్టిక్ షీటు, నాలుగు క్లిప్పులు ఉన్నాయి. కిటికీకి కట్టేసినాను. మూడు నెలల పాత రీడింగులు ఏం చేయాలో సార్‌ని అడగాలంటే భయంగా ఉంది.

రాత్రి అవ్వ ఫోను. "ఏమ్మే, నా చెంబు ఇస్తావా, అరిగిపోయినాక ఇస్తావా?"

"ఇంకో రెండు దినాలు అవ్వా."

"స్టీలు గిన్నెలో కాస్తా ఉండా. నోట్లో పెట్టబుద్ధి కాలా."

ఫోను పెట్టేసినాక తోచింది, పది దినాలని చెప్పి ఉండాల్సింది.