చిగుళ్ల వ్యాధి: ఆపరేషను ఎవరికి, క్లీనింగు ఎవరికి

ఒడిశాలోని పర్లాకిమిడిలో చిగుళ్ల వైద్యం చేసే నా దగ్గరకు కాశీనగర్, గుణుపురం వైపు నుంచీ, సరిహద్దు అవతల ఆంధ్రలోని పాతపట్నం నుంచీ తెలుగువారు వస్తుంటారు. చిగుళ్ల నుంచి రక్తం రావడం, నోటి దుర్వాసన, ముందరి పళ్ల మధ్య సందులు పెరగడం, గట్టి వస్తువు కొరికితే పన్ను కదిలినట్టుండడం వారు చెప్పే బాధలు. ఆపరేషను పడుతుందా, క్లీనింగుతో పోతుందా అన్నది దాదాపు అందరూ అడిగే ప్రశ్న. కొందరు కోతకు భయపడి అడుగుతారు. మరికొందరు ఒక్కసారి ఆపరేషను చేయించేసుకుంటే జన్మకు సరిపడా పీడ విరగడవుతుందన్న ఆశతో అడుగుతారు. క్లీనింగు చిన్న వైద్యమనీ, ఆపరేషను పెద్ద వైద్యమనీ అనుకోవడంలో మాత్రం ఇద్దరూ ఒకటే. ఆ అభిప్రాయం ఎందుకు సరికాదో వివరంగా చెప్పాలని ఇది రాస్తున్నాను.

పంటి మీద రోజూ పేరుకొనే మెత్తని పాచి నిజానికి సూక్ష్మజీవుల పొర. దాన్ని తీయకుండా వదిలేస్తే ఉమ్మిలోని లవణాలు చేరి గట్టిపడి గారగా మారుతుంది; గార గరుకుగా ఉంటుంది కాబట్టి దానిమీద కొత్త పాచి మరింత సులువుగా నిలుస్తుంది. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న 12 మంది చేత పళ్లు తోముకోవడం మాన్పించి చూశారు. 10 నుంచి 21 రోజుల్లో అందరి చిగుళ్లూ వాచాయి. మళ్లీ శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టాక సుమారు వారంలో ఆ వాపు తీసింది. చిగురు వరకే పరిమితమైన వ్యాధి ఇలా పూర్తిగా నయమవుతుంది. అది లోపలికి దిగి, పంటి వేరును ఎముకకు పట్టి ఉంచే నారలనూ, ఆ ఎముకనూ తినడం మొదలుపెట్టిన తరువాత కథ వేరు. పోయిన ఎముక దానంతట అది తిరిగి రాదు. అప్పటి నుంచి వైద్యం లక్ష్యం ఉన్నదాన్ని నిలబెట్టడమే. ఏ దశలో ఉన్నదీ కంటితో చూసి చెప్పలేము. మిల్లీమీటర్ల గీతలున్న సన్నని కొలత పుల్లను పంటికీ చిగురుకీ మధ్య దించి చూస్తాము. 3 మిల్లీమీటర్ల లోపు ఉండి రక్తం రాకపోతే ఆరోగ్యం. 4, 5, 6, ఆపైన ఉంటే అక్కడ గుంట పడిందని అర్థం.

మన ప్రాంతపు చిగుళ్ల గురించి రాస్తూ గుడాఖును వదిలిపెట్టడం సాధ్యం కాదు. పళ్లపొడుల్లో, టూత్‌పేస్టుల్లో పొగాకు కలపడాన్ని కేంద్ర ప్రభుత్వం 1992లోనే నిషేధించినా, పొగాకూ బెల్లమూ కలిపి చేసే ఈ ముద్దను వేలితో పళ్లకు రాసుకొనే అలవాటు గంజాం, గజపతి జిల్లాల ఇళ్లలో ఇంకా ఉంది. పొద్దున్న పళ్లు తోముకోవడానికని మొదలైనది క్రమంగా భోజనం తరువాత, పడుకోబోయే ముందు కూడా తప్పనిసరి అవుతుంది. అది పళ్లను శుభ్రం చేయదు, వ్యసనాన్ని పెంచుతుంది. రుద్దిన చోట చిగురు కిందికి జారి వేరు బయటపడుతుంది, లోపలి చర్మం మీద తెల్లని మచ్చలు వస్తాయి, అవి క్యాన్సరుకు దారితీయవచ్చు. చుట్ట, బీడీ, శ్రీకాకుళం పల్లెల్లో పెద్దావిడలు చుట్ట నిప్పుకొసను నోట్లో పెట్టుకొని కాల్చే అడ్డపొగ మరో విధంగా మోసం చేస్తాయి: పొగాకు రక్తనాళాలను ముడుచుకునేలా చేయడం వల్ల వ్యాధి లోపల ముదురుతున్నా చిగురు నుంచి రక్తం పెద్దగా రాదు, అందుకే ఏమీ లేదనుకొని ఆలస్యంగా వస్తారు. పొగాకు మానని నోట్లో క్లీనింగు ఫలితమూ తక్కువే, ఆపరేషను ఫలితమూ తక్కువే. ఈ ఒక్క విషయంలో నేను రోగితో మొహమాటపడను.

ఇక క్లీనింగు. పైకి కనిపించే గారను తీయడం దానిలో మొదటి మెట్టు మాత్రమే. గుంటలున్నవారికి మత్తు సూది ఇచ్చి, చిగురు కింద వేరుకు అంటుకున్న గారను కంపించే పరికరంతోనూ, చేతి పరికరాలతోనూ తీసి వేరును నునుపు చేయాలి. నోటిని భాగాలుగా చేసుకొని రెండు మూడు విడతల్లో చేస్తాము. ‘గార తీయించేస్తే పళ్లు కదిలిపోతాయటగదా బాబూ’ అని ఎందరో పెద్దలు అడిగారు. పన్ను కదలడానికి కారణం ఎముక కరగడం. గార అడ్డంగా కట్టి ఉన్నంతకాలం ఆ కదలిక తెలియదు. అది పోయి, వాపు తగ్గి, చిగురు బిగుసుకున్నాక అసలు నష్టం బయటపడి సందులు కనిపిస్తాయి, కొన్నాళ్లు చల్లనివి జివ్వుమంటాయి. ఇవన్నీ ముందే చెబితే రోగి భయపడి సగంలో మానడు. యాంటీబయాటిక్ మాత్రలు కొందరికి తోడుగా అవసరమవుతాయి తప్ప, పాచినీ గారనూ తీయకుండా మాత్రలు మాత్రమే మింగితే వ్యాధి పోదు. క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింపు మందు కూడా కొద్ది వారాలకే. ఎక్కువకాలం వాడితే పళ్లు గోధుమరంగుకు మారతాయి, రుచి తెలియకుండా పోతుంది.

క్లీనింగు అయిన ఆరు నుంచి పన్నెండు వారాలకు మళ్లీ కొలతలు తీయాలి. ఆపరేషను గురించి నిర్ణయించవలసింది అప్పుడు, మొదటి రోజున కాదు. చాలా గుంటలు అప్పటికే తగ్గి ఉంటాయి. 6 మిల్లీమీటర్లు, ఆపైన మిగిలి రక్తం వస్తున్న చోట, దవడ పళ్ల వేర్లు చీలే మూల దగ్గర పరికరం చివర అందదు, మనకు కనబడదు. అలాంటిచోట చిగురును జాగ్రత్తగా వేరు చేసి పైకెత్తి, కళ్లెదుట వేరును శుభ్రం చేసి, తిరిగి కుట్టేస్తాము. దీన్నే ఫ్లాప్ ఆపరేషను అంటారు. మత్తు సూదితో కుర్చీలోనే జరుగుతుంది, ఏడు నుంచి పది రోజులకు కుట్లు తీస్తారు. లోపల చేసే పని మళ్లీ అదే శుభ్రత. కోత దానికి దారి మాత్రమే. లోతు తక్కువున్న గుంటల్లో ఇదే ఆపరేషను చేస్తే మేలుకు బదులు పంటి పట్టు ఇంకా కొంత పోతుందని దశాబ్దాల పరిశోధన తేల్చింది. పోయిన ఎముకను కొంతైనా తిరిగి రప్పించడానికి ఎముక పొడి పెట్టడం, పొర వేయడం వంటివి ఎముక నిలువుగా, లోతుగా కరిగి చుట్టూ గోడలు మిగిలిన చోటే పనిచేస్తాయి; అంతటా సమంగా అరిగిపోయిన చోట వాటిపై డబ్బు ఖర్చు పెట్టించడం నాకు సమ్మతం కాదు. బీపీకి ఆమ్లోడిపిన్ వాడేవారిలో కొందరికి చిగురు బాగా పెరిగి పళ్లను కప్పేస్తుంది. ముందు శుభ్రత, వైద్యుని సలహాతో మందు మార్పు, అప్పటికీ తగ్గకపోతే అదనపు చిగురును కోసి తీయడం.

షుగరు ఉన్నవారికి ఇంకొక మాట. అదుపులో లేని షుగరు చిగుళ్ల వ్యాధిని ముదిరిస్తుంది, చిగుళ్ల వ్యాధి షుగరును అదుపు తప్పిస్తుంది. చిగుళ్ల వైద్యం తరువాత మూడు నాలుగు నెలలకు హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగరును చూపే పరీక్ష) సగటున 0.4 శాతం వరకు తగ్గుతున్నట్టు పరిశోధనలు చూపిస్తున్నాయి. రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు వాటిని సొంతంగా ఆపకుండా, ఆపరేషనుకు ముందే ఆ సంగతి చెప్పాలి.

ఏ వైద్యమైనా పూర్తయ్యాక మొదటి ఏడాది మూడు నెలలకొకసారి చూపించుకోవాలి, రోజూ రాత్రి పళ్ల సందుల్లో చిన్న బ్రష్షుతో శుభ్రం చేసుకోవాలి. మీరు ఏ ఊళ్లో ఏ దంతవైద్యుని దగ్గరకు వెళ్లినా, ఆపరేషనుకు ఒప్పుకునే ముందు ఒక్కొక్క పంటి గుంట కొలత రాసిన కాగితాన్ని అడిగి తీసుకోండి. క్లీనింగుకు ముందు కొలతలూ, తరువాత కొలతలూ పక్కపక్కన పెట్టి, ఏ పంటికి ఎందుకు కోత అవసరమో చూపించమని అడగండి. అది అడగడం మీ హక్కు, చూపించడం మా బాధ్యత.