మునిగిపోతోంది ఏ మడి?

మాది రాజోలు వైపు ఊరు. కంప్యూటర్లకి భాష నేర్పించడం కోసం తెలుగు వాక్యాలకి అర్థాలు గుర్తించే పని ఇంటి నుంచే చేస్తాను.

"దోమ పట్టింది, రేపు మందు కొట్టాలి" అని నాన్న అంటే మా ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. వరి దుబ్బుల మొదళ్ళలో చేరి రసం పీల్చే సుడిదోమ సంగతది. అదే వాక్యం ఒంటరిగా కనబడితే కంప్యూటర్ డెంగీ వైపు, ఫాగింగ్ వైపు పోవచ్చు. చుట్టూ పిలకలు, దాళ్వా లాంటి వరి సాగు మాటలుంటే దారిలో పడుతుంది. పక్కమాటల్ని బట్టి అర్థం తేల్చడం పాత పద్ధతే. 1986లో మైకేల్ లెస్క్ అనే పరిశోధకుడు నిఘంటువు వివరణల్ని పోల్చి, పక్కమాటల వివరణలతో ఎక్కువ కలిసిన అర్థాన్ని ఎంచుకున్నాడు. 2017లో వచ్చిన, ఇప్పటి భాషా మోడళ్ళకి ఆధారమైన ట్రాన్స్‌ఫార్మర్లు, ఒక్కో మాట మిగతావాటిలో దేన్ని ఎంత పట్టించుకోవాలో లెక్కగడతాయి.

నన్ను వదలని చిక్కు వేరే రకం.

"పై మడిలో నీళ్ళు కింద మడికి వదిలాం, మునిగిపోతోందని."
"పై మడిలో నీళ్ళు కింద మడికి వదిలాం, ఎండిపోతోందని."

మునుగుతున్నది పై మడి, ఎండుతున్నది కింద మడి. మారింది చివరి మాటొక్కటే. కర్తని చెప్పకుండా వదిలేస్తాం కాబట్టి పట్టుకోవడానికి "అది" అన్న మాట కూడా లేదు. నీళ్ళు వదిలితే ఇక్కడ తగ్గి అక్కడ పెరుగుతాయని గట్టు మీద నిలబడ్డ ఎవరికైనా తెలుసు. వాక్యంలో మాత్రం ఎక్కడా ఉండదు.

టెర్రీ వినోగ్రాడ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1972లోనే ఇలాంటి జంట చూపించాడు. నిరసనకారులకి నగర కౌన్సిలర్లు అనుమతివ్వలేదు. "హింస జరుగుతుందని భయపడ్డారు" అంటే భయపడింది కౌన్సిలర్లు, "హింసని సమర్థించారు" అంటే సమర్థించింది నిరసనకారులు. తర్వాత హెక్టర్ లెవెస్క్ అనే మరో శాస్త్రవేత్త ఇలాంటివాటినే కంప్యూటర్లకి పరీక్షగా పెట్టాడు. 2019కల్లా మోడళ్ళు దాదాపు 90 శాతం తెచ్చుకున్నాయి. అయితే ఏ మాటలు తరచూ కలిసొస్తాయో చూసే కొన్ని జవాబులు చెప్పెయ్యొచ్చని పరిశోధకులు తేల్చారు. ఆ మార్కులకన్నా నాకు ఈ సంగతే ముఖ్యం.

అందుకే నాన్న, పెదనాన్న బోదె కాలువ దగ్గర మాట్లాడుకునేవి రాసుకుని జంటలు కడుతున్నాను. మన చేల మాటలు రాతలో దొరకడమే తక్కువ. ఒక్క వాక్యమే అడిగితే గాలివాటున తగలొచ్చు, అందుకని జంటలో రెండూ సరిగ్గా చెబితేనే మార్కు. ఇప్పుడు చేతిలో ఉన్నది ఇది: "ఇంజన్ని బాబాయి చేలోంచి మన చేలోకి మార్చాం, తడపడం అయిపోయిందని." రెండోది "ఇంకా తడవలేదని."