పానగల్ నీడల కోసం: 64 జీబీ ఫోన్‌ను ఖాళీ చేసిన మూడు వారాలు

నల్లగొండను ఆనుకొని ఉన్న పానగల్‌లోని ఛాయా సోమేశ్వరాలయం కుందూరు చోడుల కాలం నాటి త్రికూటాలయం, అంటే మూడు గర్భగుళ్లు ఉన్న గుడి. అందులో ఒక గర్భగుడిలో, లింగం వెనుక గోడ మీద, పగలంతా ఒక స్తంభపు నీడ కదలకుండా నిలిచి ఉంటుంది. సూర్యుడు తూర్పు నుంచి పడమరకు పోతున్నా జరగని ఆ నీడను ఉదయం నుంచి సాయంత్రం దాకా గంటకొక ఫొటోగా తీసి, వరుసగా పేర్చి చూడాలని నేను ఏడాదిగా అనుకుంటున్నాను. మూడు వారాల కిందటి ఆదివారం పూజారి గారిని అడిగి ఆ పని మొదలుపెట్టాను. మధ్యాహ్నం రెండు గంటల ఫొటో దగ్గర ఫోన్ ఆగిపోయింది. కెమెరా తెరుచుకుంది కానీ, స్టోరేజ్ నిండినందున ఫొటోను సేవ్ చేయలేనని చెప్పింది. అక్కడికక్కడ చేతికందినవి నాలుగు తీసివేసి పని కొనసాగించవచ్చు. అయితే ఏది ఎక్కడ ఉన్నదో తెలియకుండా తొందరలో డిలీట్ చేసి గతంలో ఒకసారి నష్టపోయి ఉన్నందువల్ల, ఆ రోజుకు పని ఆపి ఇంటికి వచ్చాను.

ఆ సాయంత్రం ఏమీ తొలగించలేదు. సెట్టింగులలో స్టోరేజ్ పేజీ తెరిచి, కనిపించిన అంకెలన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నాను. 64 జీబీలో 63.6 నిండి ఉంది. అందులో సిస్టమ్ 14 జీబీ, దానిని మనం ముట్టుకోలేము. యాప్‌లు 15.5, వీడియోలు 14.2, ఫొటోలు 9.8, మిగిలినవి పత్రాలు, ఆడియోలు, ట్రాష్ వగైరా. ఈ పట్టికను చూసి చాలామంది పొరబడే చోటు ఒకటి ఉంది. వాట్సాప్‌లో వచ్చిన వీడియో ఇక్కడ వాట్సాప్ లెక్కలో కాక వీడియోల లెక్కలో పడుతుంది. అందువల్ల యాప్‌ల జాబితాలో వాట్సాప్ చిన్నదిగా కనిపిస్తుంది. అదే వాట్సాప్ సెట్టింగుల లోపల స్టోరేజ్ నిర్వహణ అనే చోట చూస్తే, మా ఫోన్‌లో అది ఒక్కటే 12.6 జీబీ ఆక్రమించుకొని ఉంది.

సోమవారం ట్రాష్‌తో మొదలుపెట్టాను, ఎందుకంటే అందులో ఉన్నవన్నీ ఒకసారి ఆలోచించి తీసివేసినవే. గ్యాలరీలో డిలీట్ చేసిన ఫొటో వెంటనే పోదు. సాధారణంగా ముప్పై రోజులు ట్రాష్‌లోనే ఉంటుంది, అన్నాళ్లూ చోటు ఆక్రమించే ఉంటుంది. ఫైల్స్ యాప్‌కు మరొక ట్రాష్ ఉంటుంది. ఈ రెండింటినీ ఖాళీ చేస్తే 1.9 జీబీ వచ్చింది. డిలీట్ చేసినా స్టోరేజ్ పెరగడం లేదని మా అక్క కొన్నాళ్లుగా అంటున్నది. ఆమె ఫోన్‌లోనూ కారణం ఇదే అయింది.

మంగళ, బుధవారాలు వాట్సాప్‌కే సరిపోయాయి. స్టోరేజ్ నిర్వహణలో 5 ఎంబీ కన్నా పెద్దవి, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి వేరువేరుగా చూపిస్తారు. పెద్దవాటిని ముందు చూస్తే పని త్వరగా తెగుతుంది. బంధువుల గ్రూపులో, పదవ తరగతి మిత్రుల గ్రూపులో వచ్చిన ఒకే పెళ్లి వీడియో మూడు చోట్ల ఉంది. దీనికంటే తక్కువమందికి తెలిసినది సెంట్ ఫోల్డర్. మనం పంపిన ఫొటోలు, వీడియోల ప్రతులు అందులో చేరుతూ ఉంటాయి, కానీ గ్యాలరీలో కనపడవు. ఆండ్రాయిడ్ 11 తరువాత వాట్సాప్ మీడియా అంతా ఆండ్రాయిడ్, మీడియా ఫోల్డర్ల కింద ఉంటున్నది కనుక, ఫైల్స్ యాప్‌లో అక్కడిదాకా వెళ్లి, వీడియోల ఫోల్డర్ లోపల ఉన్న సెంట్‌ను చూశాను. అసలు వీడియోలు కెమెరా ఫోల్డర్‌లో ఉన్నాయని ఒక్కొక్కటిగా సరిచూసుకొని ఆ ప్రతులను తొలగించాను.

వాయిస్ మెసేజ్‌ల దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగింది. మా నాయన దేవరకొండ వైపు ఊళ్లో బత్తాయి తోట చూసుకుంటూ ఉండేవారు. రాయడం ఇష్టం లేక, బోరు నీళ్ల సంగతి, కాయ ధర సంగతి అంతా వాయిస్ మెసేజ్‌లలోనే చెప్పేవారు. ఆయన పోయి రెండేళ్లయింది. వాయిస్ నోట్స్ ఫోల్డర్‌లో సంవత్సరం, వారం సంఖ్యల పేర్లతో చిన్న ఫోల్డర్లు ఉంటాయి, లోపల ఓపస్ రకం ఫైళ్లు ఉంటాయి. నాయన పంపినవి మొత్తం 412. అన్నీ కలిపితే ఎంతో తెలుసా, 46 ఎంబీ. ఒక నిమిషం మాట నూరు నూటయాభై కేబీలకు మించదు. మూడు నిమిషాల ఫార్వర్డ్ వీడియో ఒకటి రెండు తీసివేస్తే నాలుగేళ్ల నాయన గొంతుకు చోటు దొరుకుతుంది. కనుక చాట్ మొత్తాన్ని క్లియర్ చేయండి అనే సలహాను నేను ఎవరికీ ఇవ్వను. ఆ ఫైళ్లను ల్యాప్‌టాప్‌లోకి, అక్కడి నుంచి ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను, ఫోన్‌లోనూ ఉంచుకున్నాను.

వాట్సాప్ నుంచి మొత్తం 9.1 జీబీ వచ్చింది. ఆ తరువాత మీడియా ఆటో డౌన్‌లోడ్‌ను మొబైల్ డేటాకు, వైఫైకి రెండింటికీ ఆపివేశాను. ఈ ఒక్క మార్పు చేయకపోతే రెండు రోజుల శ్రమ రెండు నెలల్లో పూడిపోయేది.

గురువారం యాప్‌లు. ఆరు నెలలుగా తెరవనివి పదకొండు తీసివేస్తే 2.3 జీబీ మిగిలింది. టెలిగ్రామ్ 2.8 జీబీ పట్టుకొని ఉంది, కానీ దాని స్వభావం వాట్సాప్‌కు భిన్నం. టెలిగ్రామ్‌లో మామూలు చాట్‌ల ఫైళ్లు వారి సర్వర్లలో ఉంటాయి కనుక, ఇక్కడ కాష్ (యాప్ తాత్కాలికంగా ఫోన్‌లో దాచుకునే ప్రతులు) తొలగించినా కావలసినప్పుడు మళ్లీ దింపుకోవచ్చు. వాట్సాప్‌లో ఫోన్ నుంచి పోయిన పాత ఫైలు, బ్యాకప్ ఉంటే తప్ప, పోయినట్టే. టెలిగ్రామ్ కాష్ తీసివేసి, మీడియాను వారం రోజులే ఉంచమని పెట్టాను, 2.6 జీబీ వచ్చింది. మిగతా యాప్‌ల కాష్‌ను రోజూ తుడవడంలో నాకు ప్రయోజనం కనిపించలేదు, వాడుతుంటే అది మళ్లీ చేరుతుంది. కాష్ పక్కనే ఉండే డేటా క్లియర్ మీట మాత్రం వేరు. దానిని నొక్కితే లాగిన్, సెట్టింగులు, యాప్ లోపల దాచుకున్నవి అన్నీ పోతాయి. ఫోన్‌ను శుభ్రం చేస్తామనే యాప్‌లను నేను వేయలేదు. చోటు కోసం వెతుకుతూ చోటు తినే మరొక యాప్‌ను తెచ్చుకోవడం నాకు సరిగా తోచలేదు.

రెండవ వారం కెమెరా వీడియోలు. సద్దుల బతుకమ్మ నాడు చెరువు కట్ట మీద తీసిన పదకొండు నిమిషాల వీడియో 3.9 జీబీ ఉంది, ఎందుకంటే అది 4కే, అంటే 1080పీ కన్నా ఎక్కువ స్పష్టతతో తీసినది. 4కే వీడియో నిమిషానికి దాదాపు 350 ఎంబీ తీసుకుంటుంది. 1080పీ అయితే 130 దగ్గర సరిపోతుంది. కెమెరా సెట్టింగులలో వీడియోను మరింత కుదించి దాచే హెచ్ఈవీసీ అనే పద్ధతి ఉంటే పరిమాణం ఇంకా తగ్గి ఇంచుమించు సగానికి వస్తుంది, అయితే పాత టీవీలు, పాత కంప్యూటర్లు వాటిని ఆడించలేకపోవచ్చు. శిల్పాల మీద నెమ్మదిగా కెమెరా తిప్పేటప్పుడు తప్ప 4కే వాడకూడదని నిర్ణయించుకున్నాను. పానగల్‌లోనే ఉన్న పచ్చల సోమేశ్వరాలయం స్తంభాల మీది రామాయణ, భారత ఘట్టాలకు మాత్రం ఆ స్పష్టత అవసరమే.

వీడియోలను కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు తరలించాను. కలపగానే ఫోన్ ఛార్జింగ్ మాత్రమే చూపిస్తుంది. నోటిఫికేషన్‌లో యూఎస్‌బీ మీద నొక్కి ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకోవాలి. కట్ చేసి పేస్ట్ చేయకూడదు, మధ్యలో కేబుల్ ఊడితే ఫైలు రెండు చోట్లా లేకుండా పోవచ్చు. కాపీ చేసి, సరిచూసి, ఆ తరువాతే తొలగించాలి. సరిచూడడం దగ్గర నేను మొదట కంగారు పడ్డాను: ఫోన్‌లో 7.2 జీబీ అని ఉన్న ఫోల్డర్ విండోస్‌లో 6.7 జీబీగా కనిపించింది. అరగంట వెతికాక తెలిసింది, ఏదీ తగ్గలేదు. మా ఫోన్ వెయ్యి ఎంబీలను ఒక జీబీగా లెక్కిస్తుంది, విండోస్ 1024ను లెక్కిస్తుంది. అందుకని జీబీ అంకెను వదిలి, ఫైళ్ల సంఖ్యను, ప్రాపర్టీస్‌లో కనిపించే బైట్ల సంఖ్యను పోల్చాను. రెండూ కలిశాయి. అయినా మొదటివి, చివరివి కొన్ని తెరిచి ఆడించి చూసి, అప్పుడు ఫోన్ నుంచి తీసివేశాను.

ఇంత జాగ్రత్తకు కారణం ఒక మెమరీ కార్డు. పోయిన ఏడాది ఒక దుకాణంలో తక్కువ ధరకు దొరికిందని 256 జీబీ కార్డు కొని, దేవరకొండ కోట ఫొటోలన్నీ అందులోకి మార్చి ఫోన్‌లో తీసివేశాను. నెల తరువాత చూస్తే ఫైళ్ల పేర్లు, పరిమాణాలు అన్నీ ఉన్నాయి, ఫొటోలు మాత్రం తెరుచుకోలేదు. కోటలోని ద్వారాలను, మెట్ల బావిని రెండు రోజులు తిరిగి తీసిన ఫొటోలవి. ఇప్పటికీ బాధగానే ఉంది. ఈసారి ఆ కార్డును ల్యాప్‌టాప్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పరీక్షించాను. అది కార్డు నిండా రాసి, రాసినదంతా తిరిగి చదివి చూస్తుంది. మొదటి 30 జీబీ దాకా సరిగా ఉంది, తరువాతిదంతా తప్పు. చిన్న కార్డు లోపలి కంట్రోలర్‌ను మార్చి పెద్దదిగా చెప్పించే ఇలాంటి నకిలీలు అసలు సామర్థ్యం దాటాక కూడా రాస్తున్నట్టే నటిస్తాయి. ఇప్పుడు కొన్న 128 జీబీ కార్డును ముందుగా పరీక్షకు పెట్టాను. రాయడం, చదవడం కలిపి రాత్రంతా పట్టింది, తెల్లవారాక లోపం లేదని చూపింది. అందులో పాటలు, పీడీఎఫ్‌లు, శాసనాల పుస్తకాల స్కాన్లు పెట్టాను. యాప్‌లను కార్డులోకి మార్చలేదు, అవి నెమ్మదిస్తాయి.

క్లౌడ్ గురించి ఒక్క మాట. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ మెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నిటికీ కలిపి ఉన్నది; 2021 జూన్ 1 నుంచి తగ్గించిన నాణ్యతతో దాచే ఫొటోలు కూడా అందులోకే లెక్కకు వస్తున్నాయి. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయినదానిని మామూలుగా డిలీట్ చేస్తే ఫోన్‌లోనూ క్లౌడ్‌లోనూ రెండింటా పోతుంది. ఫోన్‌లోది మాత్రమే పోవాలంటే, చోటు ఖాళీ చేయడానికి ఆ యాప్‌లోనే విడిగా ఉన్న మీటను వాడాలి. పొరపాటున రెండింటా పోతే, బ్యాకప్ అయినవి అరవై రోజులు ట్రాష్‌లో ఉంటాయి, అక్కడి నుంచి వెనక్కి తెచ్చుకోవచ్చు.

మూడవ వారం లెక్క చూశాను. ట్రాష్ 1.9, వాట్సాప్ 9.1, యాప్‌లు 2.3, టెలిగ్రామ్ 2.6, వీడియోలు 7.2; మొదట మిగిలి ఉన్న 0.4తో కలిపి 23.5 జీబీ ఖాళీ. స్టోరేజ్ పేజీలోనూ దాదాపు అదే అంకె ఉంది. ఫోన్ వేగం కూడా తెలిసేంతగా మారింది. ఫ్లాష్ మెమరీలో పాతదానిని పేజీలనే చిన్న ముక్కలుగా చెరపడం కుదరదు, పెద్ద బ్లాకులుగానే చెరపాలి. ఖాళీ బ్లాకులు తక్కువైతే కొత్తది రాయడానికి ముందు పాతవాటిని అటూ ఇటూ సర్దుకోవలసి వస్తుంది, అందుకే నిండిన ఫోన్ ప్రతి పనికీ తటపటాయిస్తుంది. ఇకమీదట ఖాళీ 8 జీబీకి దిగగానే వీడియోలను ల్యాప్‌టాప్‌కు మార్చాలని గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టాను.

నిన్న ఆదివారం మళ్లీ పానగల్ వెళ్లాను. ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఐదు దాకా పదకొండు ఫొటోలు, ఏ గంటా తప్పలేదు. ఒక్కొక్కటి నాలుగైదు ఎంబీ. ఇంటికి రాగానే ల్యాప్‌టాప్‌లోకి, పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి బైట్లు సరిచూశాను. వచ్చే వారం నాయన వాయిస్ మెసేజ్‌లను ఒక్కొక్కటిగా విని, ఏది ఏ తేదీది, ఏ సంగతో రాసుకోవడం మొదలుపెడతాను. వారానికి ముప్పై చొప్పున అనుకుంటున్నాను.