దొరబావి దాకా వెళ్లలేదు, అయినా ఆ దారిలో నడిచాం

చిన్నప్పుడు నంద్యాల నుంచి గిద్దలూరు వైపు వెళ్తుంటే, బొగద సొరంగం వస్తోందనగానే అమ్మ కిటికీ షట్టర్ దించేది. లేకపోతే ఇంజను పొగ పెట్టెంతా నిండిపోయేది. దొరబావి వంతెన మీద మాత్రం షట్టర్ ఎత్తమని నేను గొడవ చేసేవాణ్ణి. 1880లలో వేసిన ఆ మీటర్ గేజ్ (సన్న పట్టాల) లైనును 1990లలో వెడల్పాటి బ్రాడ్ గేజ్‌గా మార్చినప్పుడు నల్లమల ఘాట్‌లో కొత్త దారి వేశారు. పాతది అడవికి మిగిలిపోయింది. దాని మీద నడవాలని కర్నూలులో మేం నలుగురు స్నేహితులం ఎన్నేళ్లుగానో అనుకుంటున్నాం.

మా మొదటి ప్లానే తప్పు. గాజులపల్లె దగ్గర దిగి, ఇప్పటి పట్టాల వెంబడే నడిచి, చెలమ స్టేషన్ దాటాక పాత రైలు కట్ట ఎక్కుదాం అనుకున్నాం. రైల్వేలో పనిచేసే మా మిత్రుడు వినగానే కోప్పడ్డాడు. 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళ్తే ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చట. "చట్టం సంగతి తర్వాత. కొండను కోసిన చోట రెండు పక్కలా గోడలే. బండి వస్తే యాడికి దూకుతారు?" అన్నాడు. దానికి మా దగ్గర జవాబు లేదు.

పాత కట్ట మీద రైలు రాదు, కానీ అది పులులు తిరిగే అడవి. అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. ఆధార్ కాపీలు జతచేసి, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడి నుంచి ఎక్కడికి అని రాసి దరఖాస్తు ఇచ్చాం. మూడు వారాలు తిరిగాక, మీరడిగిన దారి కొండ అవతల ఇంకో అటవీ డివిజన్‌లోకి పోతుంది, అక్కడ అడగండి అన్నారు. ఆ మాట మొదటి రోజే చెప్పి ఉంటే ఎంత బాగుండేదో! అప్పుడు నాకు నిజంగా బాధేసింది. చివరికి ఇటువైపు కొద్ది దూరానికే అనుమతి వచ్చింది. పగటిపూట మాత్రమే, అడవి కాపలా చూసే చెంచు వాచర్ తోడుండాలి, సొరంగంలోకీ దొరబావి వైపూ పోకూడదు. అయితే ఎందుకు పోవడం అన్నాడు మాలో ఒకడు. నేనే పట్టుబట్టి బయల్దేరదీశాను.

జనవరి చివర్లో వెళ్లాం. రైలు కట్ట కదా, చదునుగా ఉంటుంది, హాయిగా నడవొచ్చు అనుకున్నాను. ఎత్తు ఎక్కుతున్నట్టే తెలియదు, అది నిజమే. రైలు నిటారుగా ఎక్కలేదు కాబట్టి దారిని కొండ చుట్టూ తిప్పి తిప్పి మెల్లగా ఎక్కించారు. కానీ పట్టాలు, స్లీపర్లు పోయి కంకర మాత్రం మిగిలింది. ప్రతి అడుగుకూ రాయి దొర్లి మడమ మెలిపడేది. "రాళ్ల మీద వద్దు సారూ, అంచున మట్టి మీద రాండి" అని వాచరన్న ముందు నడిచాడు. ఆ తర్వాతే కాళ్లు కుదుటపడ్డాయి. అంచున గడ్డిలో పిడుదులు పట్టుకుంటాయి. అందుకే ప్యాంటు అంచులు సాక్సుల్లో దోపుకోమని కూడా ఆయనే చెప్పాడు.

కట్ట కింద వాగు పోయే ఒక మోరీ దగ్గర ఆగాం. కింద వాగు ఎండిపోయింది. చెక్కిన రాళ్లతో కట్టిన కమాను మాత్రం ఒక్క రాయి కూడా జారకుండా నిలబడి ఉంది. నూరేళ్లకు పైగా బండ్ల బరువు మోసిన రాళ్లవి. చేత్తో తాకితే చల్లగా ఉన్నాయి. చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. మోరీ పక్కనే ఎలుగుబంటి పెంట, నిండా రేగు గింజలు. వాచరన్న కర్రతో కదిపి చూసి, రాత్రిదే అన్నాడు. అక్కణ్ణుంచి నలుగురం దగ్గర దగ్గరగా, కాస్త గట్టిగా మాట్లాడుకుంటూ నడిచాం. మనిషి అలికిడి ముందే వింటే ఎలుగు తప్పుకుంటుందట. హఠాత్తుగా ఎదురుపడితేనే మీదికి వస్తుందట.

పదకొండున్నరకు కట్ట ఎడమకు తిరిగే చోట ఆయన ఆగిపోయాడు. "ఇంతే సారూ, ఇంక ముందుకు లేదు." చెట్ల సందుల్లోంచి దారి ఇంకా కనిపిస్తూనే ఉంది. దూరంగా కొత్త లైను మీద గూడ్సు బండి హారన్ వినిపించింది. నీళ్లు తాగి వెనక్కి తిరిగాం.

ఎందుకు పోవడం అన్నవాడే తిరుగు దారిలో మళ్లీ ఎప్పుడు వద్దాం అని అడిగాడు. ఈసారి దరఖాస్తులు రెండు డివిజన్లకూ ఒకే రోజు ఇచ్చాం.