గోడమీది ఫొటోకు పేరు వెతుక్కుంటూ పాలం దాకా

హన్మకొండలో మా ఇంటి గోడమీద పదిహేనేళ్లుగా ఒక యుద్ధవిమానం ఫొటో ఉంది. ఢిల్లీలో పాలం వాయుసేన మ్యూజియంలో నేనే తీసి, కింద ‘మిగ్-21’ అని రాసుకున్నాను. పోయిన వేసవిలో మా అన్న కొడుకు దాని ముందు నిలబడి, “చిన్నాయినా, ఇది మిగ్ అని ఎట్ల చెప్తున్నవ్? రెక్కలు సగమే పడ్డయి గదా” అన్నాడు. ముక్కులో శంఖువు ఉందిగా అన్నాను. “సుఖోయ్-7కు గూడ ఉంటది” అన్నాడు. నాకు మాట రాలేదు.

దసరా సెలవులు ముగిశాక కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, మర్నాడు ఢిల్లీలో దిగి, ఆ పాత ఫొటోను ఫోనులో పెట్టుకుని మ్యూజియానికి వెళ్లాను. విమానాలన్నీ రెక్కలు దాదాపు తగిలేంత దగ్గరగా నిలిపి ఉండటంతో, విమానం మొత్తాన్ని ఒకే ఫ్రేములో పట్టాలని వెడల్పు లెన్సు వాడితే ముక్కు సాగిపోతుంది, రెక్క వాలు ఎంతో తెలియకుండా పోతుంది. గతంలో నేను చేసిన తప్పు అదే. ఈసారి ఒక్కో విమానానికి ముక్కు, రెక్క మొదలు, తోక విడివిడిగా తీశాను.

ఫ్రెంచి విమానాలైన తూఫానీ, మిస్టేర్ రెండింటికీ గాలి పీల్చే నోరు ముక్కులోనే ఉంటుంది. అయితే తూఫానీ రెక్క దాదాపు నేరుగా సాగి కొసన ఇంధనపు ట్యాంకు మోస్తుంది, మిస్టేర్ రెక్క వెనక్కి వాలి కొస ఖాళీగా ఉంటుంది. ఒంటిమీది నంబరుకు ముందున్న అక్షరాలూ పనికొస్తాయి: బ్రిటిష్ విమానాలైన హంటర్‌కు బీఏ, నాట్‌కు ఐఈ. కానీ ప్రదర్శనకు మళ్లీ రంగు వేసిన విమానం నంబరును నేను పూర్తిగా నమ్మను.

సుఖోయ్-7 దగ్గర చాలాసేపు ఆగాను. రెక్కలు 60 డిగ్రీలకు పైగా వెనక్కి వాలి ఉన్నాయి, వీపు మీద రెండు పొడవాటి గొట్టాల్లాంటి ఉబ్బులు ఉన్నాయి, రెక్క శరీరాన్ని కలిసే చోట ఫిరంగి గొట్టం బయటికి పొడుచుకొచ్చి ఉంది. మిగ్-21కు త్రికోణపు రెక్క, దాని మొదట్లో ఫిరంగి ఉండదు. ఫోను తెరిచి పాత ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చూస్తే, సగం తెగిన రెక్క మొదట్లో అదే నల్లటి గొట్టం మూతి కనిపించింది. పదిహేనేళ్లు వచ్చిన చుట్టాలందరికీ సుఖోయ్‌ను చూపి మిగ్ అని చెప్పానన్న మాట.

వెంటనే రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి మా అన్న కొడుక్కి పంపాను. “సరే గని, మారుత్ తోక తీసినవా?” అని జవాబు వచ్చింది. తీయలేదు. మారుత్ మన దేశంలో తయారైన యుద్ధవిమానం; జర్మన్ ఇంజనీరు కుర్ట్ టాంక్ రూపకల్పన చేయగా 1961 జూన్ 17న బెంగళూరులో మొదటిసారి ఎగిరింది. నాట్‌లో ఒక్కటే ఉండే ఆర్ఫియస్ ఇంజను రకమే ఇందులో రెండు ఉంటాయి, గాలి ముక్కులోంచి కాకుండా పక్కల నుంచి వెళ్తుంది. వెనుక పక్కపక్కనే ఉన్న ఆ రెండు మూతులూ ఒకే ఫ్రేములో పడాలంటే వంగితే చాలలేదు, తాడు ఇవతలే మోకాళ్ల మీద కూర్చుని తీశాను.