పద్నాలుగు మెట్లు

మా ఇల్లు నెల్లూరులో, పెన్నకు దగ్గరగా వెంకటేశ్వరపురంలో. మిద్దెకు పద్నాలుగు మెట్లు. 2021 నవంబరు దాకా వాటిని నేనెప్పుడూ లెక్కపెట్టలేదు.

అప్పటికి మూడేళ్ళుగా మోకాళ్ళ నొప్పులు. మెడికల్ షాపు మాత్రలతో నెట్టుకొచ్చి, కడుపులో మంట మొదలయ్యాక డాక్టరు దగ్గరికి పోయాను. ఎక్స్-రే తీశారు, గుజ్జు అరిగిందన్నారు, మందులు రాశారు. లేచి వస్తూ, "గుడికి నడిచి పోవచ్చా సార్" అని అడిగాను. ఆయన తల ఎత్తకుండానే "ఈ వయసులో ఎక్కడికి పోవాలమ్మా మీరు? హాయిగా కూర్చోండి" అన్నారు. నాకప్పుడు అరవై ఆరు. ముప్ఫై ఏళ్ళు బడిలో నిలబడి పాఠాలు చెప్పినదాన్ని. ఆ మాట పట్టుకుని నిజంగానే కూర్చుండిపోయాను. కోడలు కాఫీ కూడా చేతికే తెచ్చిచ్చేది. ప్రేమతోనే, పాపం. ఏడాది తిరిగేసరికి తొడలు సన్నబడ్డాయి, పట్టుకోనిదే లేవలేను.

నవంబరులో పెన్నకు వరదొచ్చింది. పైన సోమశిల నుంచి నీళ్ళు వదిలారన్నారు. కరెంటు పోయింది. రాత్రి వరండాలోకి నీళ్ళు వచ్చేశాయి. మావాడు విజయవాడలో ఉన్నాడు, ఇంట్లో మేం ముగ్గురమే. కోడలు చంకలో పిల్లాడు, చేతిలో టార్చి. నాలుగో మెట్టు మీద నా కుడి మోకాలు పట్టేసింది. ముందుకు పోదు, వెనక్కి రాదు. "నువ్వు పోమ్మా, బిడ్డను పైన పెట్టు" అంటే, "నువ్వు రాకపోతే నేను పోనత్తా" అని అక్కడే నిలబడింది. నీళ్ళకు భయపడలేదు నేను. నా మోకాలి కోసం ఆ పిల్ల చంటిబిడ్డతో చీకట్లో ఆగిపోయిందే, ఆ భయం ఇప్పటికీ గుర్తొస్తే గుండె దడదడలాడుతుంది. చివరికి మెట్టు మీద కూలబడి, చేతులు ఆనించి, వెనక్కి వెనక్కి జరుగుతూ ఒక్కో మెట్టూ ఎక్కాను. మిగిలినవి పది. తెల్లవార్లూ జొన్నవాడ కామాక్షమ్మను తలుచుకుంటూనే ఉన్నా. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయి, మావాడు వెంటనే రాలేకపోయాడు.

నీళ్ళు తీశాక ఒక ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ బిడ్డ చల్లగా ఉండాలి. నా తొడ మీద చెయ్యి వేసి చూసి, "నొప్పికి భయపడి కదలకపోతే కండ పోతుంది పెద్దమ్మా, కండ పోతే బరువంతా కీలు మీదే పడుతుంది" అంది. ఇంత సులువైన మాట మూడేళ్ళలో నాకెవరూ చెప్పలేదు. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి తొడ బిగించడం, కుర్చీలోంచి నిదానంగా లేవడం నేర్పింది. రెండు నెలలయ్యాక తాయ్ చీ మొదలుపెట్టించింది.

చైనావాళ్ళ వ్యాయామం నాకెందుకనుకున్నా. 2016లో అమెరికాలో, బోస్టన్‌లో మోకాళ్ళు అరిగిన 204 మందిని రెండు జట్లు చేసి, 12 వారాలు కొందరికి తాయ్ చీ, కొందరికి ఫిజియోథెరపీ ఇచ్చారట. నొప్పి ఇద్దరికీ ఒకేలా తగ్గింది, దిగులు మాత్రం తాయ్ చీ వాళ్ళకే ఎక్కువ తగ్గింది. దిగులు అనేసరికి నాకు నమ్మకం కుదిరింది. నా జబ్బులో సగం అదే.

పొద్దున్నే వరండాలో చెప్పుల్లేకుండా నిలబడతాను. మోకాళ్ళు కొంచెమే వంచి, ఒళ్ళు బరువంతా నిదానంగా ఎడమ కాలి మీదికి తెస్తాను. కుడి పాదం తేలికైందని తెలిశాకే దాన్ని కదుపుతాను. చేతులు నీళ్ళలో ఆడినట్టు ఆడతాయి, ఊపిరి వాటి వెంటే పోతుంది. మోకాలు కాలివేళ్ళను దాటి ముందుకు పోకూడదు. మొదటి నెల గోడ పక్కనే చేశాను. మూడో నెలలో, కూరగాయల బండి కేకేస్తే గోడ పట్టుకోకుండా లేచి పోయాను. కోడలు చూసి ఏడ్చింది.

నాలాంటివాళ్ళు వజ్రాసనం, పద్మాసనం అని మోకాళ్ళను మడిచి కూర్చోకండి. కీలు వాచి వేడిగా ఉన్నా, జ్వరమొచ్చినా వ్యాయామం ఆపి డాక్టరుకు చూపించుకోండి. ఆపరేషన్ చెడ్డదని నేననను, మా అక్క చేయించుకుని బాగానే తిరుగుతోంది. ఒళ్ళు తగ్గించండి. కిలో తగ్గితే అడుగు వేసినప్పుడల్లా మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందట.

ఆ డాక్టరు మీద కోపం ఇంకా పోలేదు. పోయిన శ్రావణంలో జొన్నవాడకు వెళ్ళి మొక్కు తీర్చుకున్నా, గుడి చుట్టూ నడిచే తిరిగాను. ముసురు పట్టిన రోజు కుడి మోకాలు ఇప్పటికీ బిగుస్తుంది. ఆ రోజు సగమే చేసి, ఉతికిన బట్టలు తీసుకుని మిద్దె ఎక్కుతాను.