ఎనోషిమాలో చదువులతల్లి

జపాన్‌కి ఎక్స్ఛేంజ్ స్టూడెంట్‌గా వచ్చాక తిరిగిన చోట్లు చాలానే ఉన్నాయి కానీ, ఎనోషిమా గురించి మాత్రం వివరంగా రాయాలనిపించింది. టోక్యోకి దక్షిణాన సగామి అఖాతంలో ఉండే చిన్న దీవి ఇది, చుట్టుకొలత నాలుగు కిలోమీటర్లే, నడిచి వెళ్ళే వంతెన ఉంది. నాతో వచ్చినవాళ్ళు మా ల్యాబ్ ఫ్రెండ్సే: ఒక వియత్నాం అమ్మాయి, ఒక జర్మనీ అబ్బాయి, ఇంకా ఆ చుట్టుపక్కలే పుట్టి పెరిగిన ఒక జపాన్ అమ్మాయి. ప్లాన్ అంతా ఆ అమ్మాయిదే. ఏ రైలు, ఎన్ని గంటలకి, ఎక్కడ దిగాలి, నేను మాంసం చేపలు తినను కాబట్టి నాకు భోజనం ఎక్కడ దొరుకుతుంది, అన్నీ రాసి ముందు రోజే గ్రూప్‌లో పెట్టింది. షింజుకులో కలుద్దాం అంటే సరిపోదు, ఆ స్టేషన్లో ఏ గేటు దగ్గరో కూడా చెప్పాలి, ఆ గేటు ఫొటో కూడా పంపింది. ఇంత శ్రద్ధగా నా కోసం ఎవరైనా ఆలోచిస్తే నాకు ఆ రోజు అక్కడే సగం నిండిపోతుంది.

ఒడాక్యూ లైన్లో కతాసే-ఎనోషిమా స్టేషన్‌కి వెళ్ళాం. ఆ స్టేషన్ చూడాల్సిందే. జపాన్ కథల్లో సముద్రం అడుగున ఉండే నాగరాజు కోటలా కట్టారు, ఎర్ర స్తంభాలు, పచ్చని పైకప్పు, లోపల జెల్లీఫిష్‌లున్న అద్దాల తొట్టి కూడా ఉంది. ఇప్పుడున్న భవనం 2020లో పూర్తయింది.

డిసెంబర్ కాబట్టి ఆకాశం తేటగా ఉంది, వంతెన మీద నడుస్తుంటే కుడివైపు ఫుజీ కనిపించింది. మేం ఫుజీని చూస్తుంటే పైనుంచి గద్దలు మమ్మల్ని చూస్తున్నాయి. అక్కడ ఎటు చూసినా గద్దలతో జాగ్రత్త అని బోర్డులుంటాయి, ఎందుకో నిమిషంలో తెలిసింది, మా జర్మనీ అబ్బాయి చేతిలో సగం తిన్న బన్ను ఉండాలి, లేదు. వెనకనుంచి వస్తాయి, రెక్కల చప్పుడు కూడా వినపడదు. వెళ్ళేవాళ్ళు మాత్రం తినేది ఏదైనా గోడకి వీపు ఆనించి నిలబడి తినండి.

అసలు విషయం దీవి మీద గుళ్ళ దగ్గర మొదలైంది. ఎనోషిమా దేవత పేరు బెంజైతెన్. మన సరస్వతే. బౌద్ధంతో పాటు చైనా మీదుగా ఇక్కడికి వచ్చింది. ఈ సంగతి ఎప్పుడో చదివాను, కానీ చదవడం వేరు, ఆ ఎనిమిది పలకల చిన్న మందిరంలో ఎదురుగా నిలబడడం వేరు. లోపల రెండు విగ్రహాలున్నాయి. ఒకటి తెల్లని ఒంటితో, ఒళ్ళో బివా అనే తంత్రీవాద్యం పెట్టుకుని కూర్చున్న తల్లి. నేనైతే ఎవరూ చెప్పకుండానే గుర్తుపట్టేదాన్ని. రెండోది ఎనిమిది చేతులతో, ఆ చేతుల్లో ఆయుధాలతో ఉంది, అక్కడ మాత్రం కాసేపు ఆగిపోయాను. చదువులతల్లి చేతిలో కత్తి ఏమిటి? సువర్ణప్రభాస సూత్రం అనే బౌద్ధ గ్రంథంలో సరస్వతి అలాగే, ఎనిమిది చేతులతో ఉంటుంది, జపాన్‌కి ఆ రూపం దాని ద్వారానే చేరింది. యుద్ధాల కాలంలో అలాంటి తల్లే కావాల్సి వచ్చింది కూడా. మినమోతో నో యోరితోమో తన శత్రువు ఓడిపోవాలని 1182లో ఇక్కడ బెంజైతెన్‌ని ప్రతిష్ఠ చేయించాడు. తర్వాత ఇక్కడికి దగ్గర్లోని కామాకురాలో షోగున్, అంటే దేశాన్ని ఏలే సేనాధిపతి, అయింది ఆయనే.

మా జపాన్ ఫ్రెండ్ చిన్నప్పటి నుంచీ వాళ్ళ అమ్మమ్మతో ఈ గుడికి వస్తోందట. ఈ దేవత ఇండియా నుంచి వచ్చిందని తనకి తెలియదు. నేను చెప్పగానే మొహం వెలిగిపోయింది, ఇక ప్రశ్నలే ప్రశ్నలు. మీ దగ్గర ఈ తల్లికి ఎన్ని చేతులు? పక్కన పాము ఉంటుందా? పరీక్షల ముందు మొక్కుతారా? నాకొచ్చిన జపనీస్, తనకొచ్చిన ఇంగ్లీష్ కలిపి వీణ గురించి, హంస గురించి, పిల్లల చేత బియ్యంలో అక్షరాలు దిద్దించడం గురించి చెప్పాను. మొదట ఆమె ఒక నది అని కూడా చెప్పాను. అప్పుడు తను ఒక మాట అంది, బెంజైతెన్ గుళ్ళు జపాన్‌లో ఎక్కడున్నా చెరువు మధ్యనో, దీవి మీదో, ఊట పక్కనో ఉంటాయి, ఎందుకో ఇన్నాళ్ళూ ఆలోచించలేదు అని. అంత దూరం వచ్చి, పేరు మారి, ఆయుధాలు పట్టి, ఇన్ని వందల ఏళ్ళ తర్వాత కూడా ఆ తల్లి నీటి పక్కనే ఉంది. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు. ఒక శ్లోకం చెప్పమని అడిగితే చిన్నప్పుడు బళ్ళో రోజూ చదివిన 'సరస్వతీ నమస్తుభ్యం' చెప్పాను, ముగ్గురూ చేతులు జోడించి విన్నారు.

బదులుగా తను ఎనోషిమా కథ చెప్పింది. ఆ తీరంలో అయిదు తలల డ్రాగన్ జనాన్ని పీడిస్తుండేదట. ఒకనాడు భూమి కంపించి, మేఘాల్లోంచి బెంజైతెన్ దిగి వచ్చి, సముద్రంలోంచి ఈ దీవి లేచింది. డ్రాగన్ ఆమెని ప్రేమించి పెళ్ళాడమంటే, నీ చెడ్డ పనులు మానేదాకా కుదరదంది. మానేశాక పెళ్ళాడింది. వియత్నాం అమ్మాయికి ఈ భాగం తెగ నచ్చి రోజంతా దాని గురించే మాట్లాడింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 1868లో అప్పటి మెయిజీ ప్రభుత్వం బుద్ధుణ్ణీ, జపాన్ సొంత మతమైన షింతో దేవతలనీ వేరు చేయాలని ఆదేశించాక ఇది షింతో గుడి అయింది, అధికారికంగా ఇప్పుడు ఇక్కడ ముగ్గురు సముద్ర దేవతలు. అయినా జనం నోట్లో ఇది బెంతెన్ (బెంజైతెన్‌కే పొట్టి పేరు) గుడే. అధికారులు ఎన్ని రాసుకున్నా అమ్మమ్మలు మారరని నా నమ్మకం, మా ఫ్రెండ్ వాళ్ళ అమ్మమ్మే సాక్ష్యం.

దీవి వెనకవైపు చిగోగఫుచి అనే రాతి తీరం ఉంది. 1923 భూకంపానికి నేల సుమారు ఒక మీటరు పైకి లేచి ఆ రాళ్ళు బయటపడ్డాయట. అక్కడ కూర్చుని నేను ఉమెబోషి (ఉప్పులో ఊరబెట్టిన పుల్లటి పండు) పెట్టిన ఒనిగిరి, అంటే అన్నం ముద్ద, తిన్నాను, మిగతావాళ్ళు దారిలోనే ఆ ఊరి ప్రత్యేకమైన షిరాసు అనే చిట్టి చేపల అన్నం తిని వచ్చారు. చెత్త డబ్బాలు ఎక్కడా ఉండవు, కవర్లన్నీ సంచీలో పెట్టుకుని తిరిగాం.

మధ్యాహ్నం ఎనోడెన్ అనే చిన్న రైలు ఎక్కి కామాకురాకి. 1902లో మొదలైన లైన్ అది, మొత్తం పది కిలోమీటర్లు, ఒకచోట కార్లతో పాటు రోడ్డు మీదే నడుస్తుంది, తర్వాత ఒక్కసారిగా కిటికీ నిండా సముద్రం. పెద్ద బుద్ధుణ్ణి చూద్దామని జర్మనీ అబ్బాయి, జెనియరాయ్ బెంతెన్ గుడికి వెళ్దామని మేం ముగ్గురం. చీకటి తొందరగా పడుతుంది, ఒక్కటే కుదురుతుంది, పాపం అతనే ఒప్పుకున్నాడు.

కొండకి తొలిచిన సొరంగంలోంచి ఆ గుడికి వెళ్ళాలి. లోపల గుహలో ఊట నీళ్ళలో చిన్న బుట్టలు పెట్టి అందరూ డబ్బులు కడుగుతుంటారు, కడిగితే పెరుగుతాయని నమ్మకం. ఇక్కడ బెంజైతెన్ సంపద కూడా ఇస్తుంది. మన దగ్గర లక్ష్మీ సరస్వతులు అత్తాకోడళ్ళు, ఒకచోట ఇమడరంటారని చెప్తే, మరి చదువుకునేవాళ్ళు అద్దె ఎలా కడతారు అని వియత్నాం అమ్మాయి అడిగింది. స్కాలర్‌షిప్ మీద బతికే నాకు ఆ ప్రశ్న బాగా తగిలింది. వెయ్యి యెన్‌ల నోటు తీసి కడిగాను, మనస్ఫూర్తిగా దణ్ణం పెట్టాను.

తర్వాత ఎక్కడికి వెళ్ళాలో రైల్లోనే తేలిపోయింది. బివా సరస్సులో చికుబుషిమా అని ఇంకో బెంజైతెన్ దీవి ఉంది, పడవలో వెళ్ళాలి. సెలవులు మొదలవగానే బయల్దేరుతున్నాం, ఈసారి వాళ్ళ అమ్మమ్మ కూడా వస్తానందట.